పాట అందుకున్న గొంతు

"అవును యాడీ, ఆ పాట కట్టినాయన కూడా సిక్కే."

మాట నోరు దాటిందో లేదో, కీరత్ కౌర్ చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూసింది. ఎవరూ ఆమెను కాదనలేదు. పక్కన నిలబడ్డ దిల్‌బాగ్ సింగ్‌కి తండా భాష రాదు. ఏదో మంచి మాటే నడుస్తోందనుకుని ఆయన చిరునవ్వుతో తల ఊపాడు. ప్రశ్న అడిగిన సీత్లీ బాయి మాత్రం మోచేతి దాకా ఉన్న గాజులు సర్దుకుని, "అట్లనా, ఐతే మా నాయన ఇన్నేండ్లు మీ ఇంటి పాటనే పాడిండన్నట్టు" అని, వెనక కూర్చున్నవాళ్ళందరికీ వినిపించేలా నవ్వింది. ఆ నవ్వు చూశాకే కీరత్‌కి అసలు గుబులు పట్టుకుంది. తెలిసి తెలిసీ అంత తేలిగ్గా ఎలా వచ్చేసింది ఆ మాట?

కీరత్ వాళ్ళది లంబాడా కుటుంబం. తాత కాలంలో సిక్కులయ్యారు. ఇంటిపేరు రాథోడ్, ఇంట్లో మాట్లాడేది అమ్మని యాడీ అని పిలిచే గోర్ బోలి, బజారులో తెలుగు, గురుద్వారాలో హిందీ. కీరత్ డిగ్రీ పూర్తయి ఏడాది దాటింది. ఖాళీగా ఉన్న ఆ సమయంలోనే ఉత్తరాది నుంచి ప్రచార బృందం ఒకటి వ్యాన్‌లో దిగింది. వాళ్ళకి తండాల్లో తిరిగి తమ మాట వాళ్ళ భాషలో చెప్పే మనిషి కావాలి. గురుముఖి చదవగలిగి, నాలుగు భాషల్లో నోరు తిరిగే అమ్మాయి దొరకడం వాళ్ళకి వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. ఈ చుట్టుపక్కల బడి ఒకటి పెడతామనీ, అందులో ఉద్యోగం ఇస్తామనీ దిల్‌బాగ్ సింగ్ చెప్పాడు. తగినన్ని కుటుంబాలు అమృతం పుచ్చుకుని, అంటే దీక్ష తీసుకుని, పూర్తిగా సిక్కులైతే బడి వస్తుంది. కీరత్ వాళ్ళమ్మ అప్పుడే పక్కింటామెతో "మా పిల్ల టీచర్" అనడం మొదలుపెట్టేసింది.

ఆ రోజు జామ్లా తండాలో దిల్‌బాగ్ సింగ్ హార్మోనియం ముందు పెట్టుకుని గ్రంథ్ సాహిబ్‌లోంచి ఒక కీర్తన పాడాడు. గొంతు బాగుంటుంది ఆయనది. పాడాక, "మా గ్రంథాన్ని మా గురువులే స్వయంగా దగ్గరుండి కూర్చారు. తర్వాత ఎవరో వచ్చి కలిపింది కాదు" అని హిందీలో అన్నాడు. కీరత్ దాన్ని గోర్ బోలిలోకి తిప్పుతూ, ఇంకాస్త గట్టిగా వినబడాలని, "ఇందులో బయటివాళ్ళ మాట ఒక్కటి కూడా లేదు" అనేసింది. ఆ ఒక్క వాక్యం ఆమె సొంతం.

అప్పుడే సీత్లీ బాయి అడిగింది. "బేటీ, ఇప్పుడు ఆయన పాడిన పాట పండరి దిక్కు దర్జీ భక్తుడు కట్టింది. మా నాయన భజనల పాడేటోడు. మరి ఆయన సిక్కా?"

కాదు. ఆ దర్జీ భక్తుడు మొదటి గురువు పుట్టకముందే, నూరేళ్ళకు పైగా ముందు వెళ్ళిపోయినవాడు. కీరత్‌కి అది తెలుసు. కానీ అంతకు ముందే తాను అన్న మాట ఎదురుగా గోడలా నిలబడి ఉంది. ఆ గోడని కాపాడటానికి ఇంకో ఇటుక పెట్టింది.

"ఏమడిగింది పెద్దామె?" అన్నాడు దిల్‌బాగ్ సింగ్.

"పాట బాగుందంటోంది" అని అది కూడా చెప్పేసింది కీరత్.

జామ్లా తండాలో సీత్లీ బాయి ఎటు నడిస్తే అందరూ అటు నడుస్తారు. ఆ సాయంత్రమే తండా పెద్దలు, ఆదివారం గురుద్వారాకి వచ్చి అమృతం పుచ్చుకుంటామని మాటిచ్చారు. వ్యాన్‌లో తిరిగి వస్తున్నప్పుడు అందరూ పాడుకున్నారు. కీరత్ కిటికీ వైపు తిరిగి ఫోన్‌లో వెతుకుతూ కూర్చుంది. సిక్కు మతం హిందూ మతంలోంచి విరిగిన కొమ్మ అని ఒకరు రాశారు. అటు నుంచి కొంత, ఇటు నుంచి కొంత తెచ్చి కలిపిందని ఇంకొకరు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు, సూటిగా పైనుంచి దిగిందని మరొకరు. చదివేకొద్దీ ఆమెకు భయం తగ్గి వింత పెరిగింది. చిన్నప్పటి నుంచీ ఆ గ్రంథం చదువుతోంది. అందులో దర్జీ భక్తుడున్నాడు, నేతపనివాడున్నాడు, తోలుపని చేసినవాడున్నాడు, ముస్లిం ఫకీరున్నాడు. వీళ్ళంతా లోపలికి ఎలా వచ్చారని ఒక్కసారి కూడా అడగాలనిపించలేదు. ఇంట్లో గోడలు ఎవరు కట్టారని ఎవరం అడుగుతాం?

మర్నాడు పొద్దున్నే గ్యానీజీ దగ్గరికి వెళ్ళింది.

గ్యాని తేజా సింగ్ ఆ ఊరి గురుద్వారాలో గ్రంథం చదివి సేవ చూసుకునే గ్రంథి. వాళ్ళ తాతముత్తాతలు నిజాం కాలంలో ఫౌజుతో వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. ఆయన తెలుగు వింటే తలపాగా చూడనివాళ్ళు పక్క ఊరి పటేలనుకుంటారు. కీరత్‌కి గురుముఖి అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆయనకో అలవాటుంది. ఎవరైనా పెద్ద ప్రశ్న పట్టుకొస్తే జవాబు చెప్పడు, ఏదో ఒక పని చేతిలో పెడతాడు. ఊళ్ళో కుర్రాళ్ళు నవ్వుతుంటారు, గ్యానీజీని దేవుడు ఉన్నాడా అని అడిగితే ఉల్లిగడ్డలు ముందు పోస్తాడని.

కీరత్ వెళ్ళేసరికి నిజంగానే లంగర్‌కి, అంటే వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా పెట్టే భోజనానికి, ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. ఆమె ముఖం చూసి ఇంకో కత్తిపీట ఇటు జరిపాడు.

"గ్యానీజీ, మన ధర్మం ఎక్కడ మొదలైంది?" అంది కూర్చుంటూనే.

"మొదట్ల" అన్నాడాయన.

"నవ్వకండి. గ్రంథ్ సాహిబ్‌ల సగం మంది మనోళ్ళు కాదు. వేరేవాళ్ళ మాటలు తెచ్చుకుని మనదంటే, అది మనదెట్ల అయితది? మనది కానప్పుడు ఇంకొకళ్ళను రమ్మని ఏ మొఖంతో పిలవాలె?"

"ఊఁ. సన్నగ తరుగు, లంగర్ పప్పులకు."

ఆమె తరిగింది. కళ్ళు మండాయి. తండాలో జరిగిందంతా చెప్పింది, రెండు అబద్ధాలూ కలిపి. ఆయన వింటూనే తరుగుతూ పోయాడు.

"మా తాతను ఎవరు పిలిచిండ్రు?" అని అడిగింది చివరికి. "ఆయనకు ఎవరన్నా ఏమన్నా చెప్పిండ్రా?"

దానికి మాత్రం గ్యానీజీ చేతులు ఆగాయి. "మీ తాతనా? ఎవ్వలు పిలవలే. కాలువ పనులప్పుడు మా నాయన అక్కడ లంగర్ నడిపేటోడు. మీ తాత మట్టి మోసేటోడు, దినాం వచ్చి తిని పోయేటోడు. ఓనాడు వంటింట్లకొచ్చి, ఇదేం రొట్టె, ఒక దిక్కు మాడింది ఒక దిక్కు పచ్చిగున్నది, నువ్వు లెవ్వు అని మా నాయనను పెనం ముంగటికెల్లి లేపిండు. గంతే. ఇగ పోలే." ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు, ఉల్లిగడ్డలకో తాతకో. "శుక్రవారం అఖండ పాఠం మొదలైతది. శనివారం పగటి వంతుకు నువ్వు కూసో."

"నేను అడిగినదానికి జవాబు?"

"చదువు రాదా నీకు? కూసో అంటున్న కద."

అఖండ పాఠమంటే గ్రంథ్ సాహిబ్‌ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా, రెండు పగళ్ళు రెండు రాత్రులు, ఎక్కడా ఆపకుండా గొంతెత్తి చదవడం. చదివేవాళ్ళు వంతులవారీగా మారతారు, చదువు మాత్రం ఆగకూడదు. అందుకని మారేటప్పుడు ఒక పద్ధతుంది. ఎక్కాల్సినవాళ్ళు ముందే వచ్చి పక్కన కూర్చుంటారు. చదువుతున్నవాళ్ళు ఏ పంక్తిలో ఉన్నారో చూసి అదే పంక్తిలో గొంతు కలుపుతారు. కాసేపు ఇద్దరూ కలిసి చదువుతారు. ఆ తర్వాత పాత గొంతు మెల్లగా తప్పుకుంటుంది. బయట కూర్చుని వినేవాళ్ళకి ఎవరు ఎక్కడ ఆగారో, ఎవరు ఎక్కడ మొదలుపెట్టారో పట్టుకోవడం కష్టం. మధ్యలో క్షణం నిశ్శబ్దం దొర్లితే పాఠం తెగినట్టే. మళ్ళీ మొదటి నుంచి చదవాలి.

శనివారం పొద్దున్న కీరత్ వంతు అందుకునేసరికి హాల్లో పట్టుమని పదిమంది లేరు. పాఠం జరుగుతున్నంతసేపూ జనం వస్తూ పోతూ ఉంటారు, కొంతమంది గోడకి ఆనుకుని కునుకు తీస్తారు. ఆమె చదువు గడగడా సాగుతోంది. పుట తిప్పుతూ ఒకసారి కళ్ళెత్తి చూస్తే, గుమ్మం దాటి సీత్లీ బాయి లోపలికి వస్తోంది. ఒంటరిగా. అద్దాల రవిక, వెండి గొలుసులు, కాలికి ఎర్రటి బస్‌స్టాండ్ దుమ్ము. ఆదివారం దాకా ఆగలేదు. నేరుగా వచ్చి, అక్కడున్నవాళ్ళలాగే నేలకి నుదురానించి, కీరత్‌కి ఎదురుగా కూర్చుంది. ఎందుకొచ్చిందో చెప్పలేదు. చెప్పడానికి అక్కడ వీల్లేదు కూడా.

కీరత్‌కి అప్పుడు అర్థమైంది, తాను చదువుతున్న భాగం ఎటు పోతోందో. గ్రంథం రాగాలవారీగా సాగుతుంది; ఒక్కో రాగంలో ముందు గురువుల పదాలుంటాయి, వెనకాల భక్తులవి. పద్ధతి ప్రకారం ప్రతి పదానికీ ముందు అది ఎవరిదో పేరు చదవాలి. గ్రంథంలో అలాగే రాసి ఉంటుంది. ఇంకో రెండు పుటలైతే దర్జీ భక్తుడి పదాలు వస్తాయి. గ్యానీజీకి ఆ గ్రంథంలో ఏ పుట ఏ వేళకి వస్తుందో నోటికి తెలుసు. వంతు ఊరికే ఇవ్వలేదు.

పుటలు అయిపోయాయి. పేరు వచ్చింది. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చదివిందో ఆ పేరు, రోడ్డు పక్క మైలురాయిలా చదివి దాటేసేది. ఈసారి మైకులోంచి తన గొంతులోనే ఆ పేరు హాలంతా వినబడితే చెవులు వేడెక్కాయి. మొదటి పంక్తి చదివింది. రెండోది మొదలుపెట్టింది.

అవతల నుంచి ఎవరో అందుకున్నారు.

సీత్లీ బాయి కళ్ళు మూసుకుని ఉంది. మాటలు అవే, కొన్ని అవి కావు. మరాఠీ యాస, దాని మీద తండా యాస. కీరత్ చదివేది పరుగు, ఆమె పాడేది నడక. భజనలో చిడతలకి ఆగినట్టు ఒక్కో మాట దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ సాగదీస్తోంది. కీరత్ పరుగు ఆమెకు తెలియకుండానే నెమ్మదించింది. ఒక మాట ఇద్దరిదీ కలిసి పలికింది. ఆ తర్వాతి మాట దగ్గర, ఏమైందో ఏమో, కీరత్ వింటూ ఉండిపోయింది. పంక్తి కళ్ళ ముందే ఉంది. గొంతు మాత్రం ఆగిపోయింది.

హాల్లో ముసలామె పాట ఒక్కటే మిగిలింది.

గ్రంథ్ సాహిబ్ మీద వింజామర వీస్తున్న మనిషి చెయ్యి గాలిలో నిలిచిపోయింది. గుమ్మం దగ్గర దిల్‌బాగ్ సింగ్ గబుక్కున లేచాడు. తర్వాతి వంతు గ్యానీజీదే, ఆయన అప్పటికే కీరత్ పక్కకొచ్చి కూర్చుని ఉన్నాడు. ఆయన కంగారు పడలేదు. తల కాస్త పక్కకి వంచి, ముసలామె ఏ మాట దగ్గరుందో విన్నాడు. ఆ మాట దగ్గరే, ఆమె నడకలోనే, గొంతు కలిపాడు. ఇద్దరూ కలిసి ఆ పంక్తి చివరి దాకా వెళ్ళారు. తర్వాతి పంక్తి ఆయన గ్రంథంలోంచి ఎత్తుకున్నాడు, ముందు నెమ్మదిగా, తర్వాత కొంచెం వేగంగా. సీత్లీ బాయి గొంతు తనంతట తానే తప్పుకుంది. ఆయన పుట మీంచి కళ్ళు తీయకుండానే చేత్తో కీరత్‌ని లేచి వెళ్ళమని సైగ చేశాడు.

ఆమె వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. దిల్‌బాగ్ సింగ్ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయన కూడా ఏం చెడ్డవాడు కాదు. సొంత ఊళ్ళో పిల్లల్ని వదిలి, దొరికిందేదో తిని, ఎండల్లో తండాలు తిరుగుతున్న మనిషి. నియమం తప్పడం మాత్రం ఆయన వల్ల కాదు.

గ్యానీజీ వంతు ముగిసి, ఇంకొకరు అందుకుని, ఆయన బయటికి రాగానే దిల్‌బాగ్ సింగ్ ఎదురెళ్ళాడు. "గ్యానీజీ, పాఠం తెగింది. మళ్ళీ మొదలుపెట్టాలి."

"తెగిందా?" అన్నాడు గ్యానీజీ తన తెలుగు యాస హిందీలో, కుండలోంచి నీళ్ళు ముంచుకుంటూ. "నేను కలిసేటప్పుడు పాట నడుస్తనే ఉండె. నడుస్తున్న గొంతుల గొంతు కలపాలె, అదే గద పద్ధతి. మీరు గుమ్మం కాడ ఉన్నరు, మీకు నిశ్శబ్దం ఇనబడ్డదా?"

"నిశ్శబ్దం లేదు. కానీ అది చదివేవాళ్ళ గొంతు కాదు. ఆమె సిక్కు కూడా కాదు."

గ్యానీజీ నీళ్ళు తాగాడు. "పిల్ల ఆ పాటకు ముంగట ఒక పేరు చదివింది. ఇన్నరా?"

దిల్‌బాగ్ సింగ్ విన్నాడు. రోజూ వినేదే. "మాటలు కూడా వేరుగా ఉన్నాయి" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి.

"ఉన్నయి. మనకాడికి ఒక తొవ్వల వచ్చింది, వాళ్ళ నాయనకాడికి ఇంకో తొవ్వల పోయింది. మీ మనసుకు తెగిందనిపిస్తే చెప్పుండ్రి, మళ్ళ మొదలు పెడదాం. మొదటి వంతు నేనే కూసుంట, నాకేం బరువు కాదు. మొదలంటే ఏడికెల్లి మొదలు పెట్టాల్నో మీరే చూపియ్యుండ్రి."

దిల్‌బాగ్ సింగ్ హాలు వైపు తిరిగాడు. లోపల చదువు సాగుతోంది. మళ్ళీ మొదలుపెట్టమని ఆయన అనలేదు.

అప్పుడు బయటికి వచ్చింది సీత్లీ బాయి. చేతిలో ఆకు దొన్నె, దాంట్లో హల్వా ప్రసాదం. వచ్చీ రాగానే కీరత్ పక్కన చతికిలబడింది. "బేటీ, నేను పాడినందుకు నిన్ను తిట్టిండ్రా?"

"లేదు యాడీ."

"మా నాయన పాట మీ గ్రంథంల ఉన్నదా లేదా చూద్దామని వచ్చిన. ఉన్నది. పేరు కూడ ఉన్నది." దొన్నెలోంచి కొంచెం తుంచి కీరత్ చేతిలో పెట్టింది. "నువ్వు ఆయన సిక్కే అన్నవు గద. మా నాయన ఆయన ముచ్చట్లు మస్తు చెప్పిండు. పగడీ మార్చుకున్నడని ఎన్నడు చెప్పలే. అందుకే అడుగుతున్న."

కీరత్ ప్రసాదం అరచేతిలో అలాగే పట్టుకుంది. "కాదు యాడీ. ఆయన సిక్కు కాదు. నేను అబద్ధం చెప్పిన."

ముసలామె కోప్పడలేదు. నములుతూ ఆలోచించింది. "ఐతే ఆయన్ని మార్చకుండనే లోపట కూసోబెట్టుకున్నరా?"

"అవును."

"మంచిది. మరి నన్నెందుకు మారమంటున్నరు?"

"ఏమంటోంది?" అన్నాడు దిల్‌బాగ్ సింగ్.

కీరత్ ఆయన వైపు చూసింది. తండాలో ఇదే మనిషి ఇదే ప్రశ్న అడిగితే, పాట బాగుందంటోందని చెప్పింది. ఇప్పుడూ అలాంటిదొకటి చెప్పొచ్చు, నాలుక మీద సిద్ధంగా ఉంది. మింగేసింది. ఉన్నది ఉన్నట్టు హిందీలో చెప్పింది. ఆ రోజు సీత్లీ బాయి ఏమడిగిందో, తాను ఏం చెప్పిందో, ఆయన అనని మాట తాను ఏం కలిపిందో, ఇప్పుడు ఈమె ఏమంటోందో, అన్నీ.

దిల్‌బాగ్ సింగ్ మెట్టు మీద కూలబడ్డాడు. "నేను అలా అనలేదు కదా బేటీ. బయటివాళ్ళ మాట లేదని నేనెప్పుడన్నాను?"

"మీరనలేదు. నేనన్నా."

"రేపు తండా అంతా వస్తుంది" అన్నాడాయన. "అందరూ ఈ పెద్దామె మాట మీదే వస్తున్నారు. ఈ సంగతి తర్వాత నెమ్మదిగా చెప్పుకోవచ్చు. ఇప్పుడు చెబితే సగం మంది ఆగిపోతారు. అంతమంది రాకపోతే మా వాళ్ళు బడి ఇంకెక్కడికో మారుస్తారు. నిన్ను భయపెట్టాలని కాదు, ఉన్న సంగతి చెబుతున్నా." నిజంగానే ఆయన గొంతులో బెదిరింపు లేదు, అలసట ఉంది.

కీరత్ గ్యానీజీ వైపు తిరిగింది. ఆయన కుండ మీద మూత సరిచేస్తున్నాడు.

మధ్యాహ్నం బస్సుకి ఆమె సీత్లీ బాయితో కలిసి తండాకి వెళ్ళింది. దారంతా ముసలామె కిటికీ పక్క సీటులో నిద్రపోయింది. తండాలో కీరత్ అందరినీ పిలిచి వాళ్ళ ముందు నిలబడింది. చెప్పింది. అప్పుడు నేను చెప్పింది తప్పు, ఆ పాట కట్టినాయన సిక్కు కాదు, మా గ్రంథంలో అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ పేర్లు అలాగే ఉన్నాయి. ఎవరో కుర్రాడు "అక్కా, రేపు మళ్ళ వచ్చి ఇది కూడ తప్పంటవా" అన్నాడు. నవ్వులు. ఆమె కూడా నవ్వేసింది, ఏడుపు రాకుండా.

ఆదివారం పాఠం పూర్తయింది. జామ్లా తండా నుంచి మూడు కుటుంబాలు అమృతం పుచ్చుకున్నాయి. మిగతావాళ్ళలో చాలామంది వచ్చారు, పంక్తిలో కూర్చుని తిన్నారు, వాళ్ళలో ఆడవాళ్ళు కొందరు రొట్టెలు కాల్చారు. సీత్లీ బాయి ఏమీ పుచ్చుకోలేదు. దర్జీ భక్తుడి పాట మొదటి నుంచి చివరి దాకా పాడి, అయిదు గంటల బస్సుకి వెళ్ళిపోయింది. దిల్‌బాగ్ సింగ్ తబలా వాయించాడు ఆమెకి. కొన్నిచోట్ల తాళం అందుకోలేక తడబడ్డాడు. సాయంత్రం వ్యాన్ సర్దుకుంటూ, బడి మీద ఇంక ఆశ పెట్టుకోవద్దని కీరత్‌తో చెప్పి, తలమీద చెయ్యి పెట్టి, ఎక్కి కూర్చున్నాడు.

ఇంటికెళ్ళి అమ్మకి ఏం చెప్పాలో తెలియక కీరత్ గురుద్వారాలోనే ఉండిపోయింది. గ్యానీజీ పెద్ద గిన్నెలు తోముతుంటే పక్కన కూర్చుని కడిగి బోర్లించింది. చాలా గిన్నెలయ్యాక అడిగింది.

"నేను అడిగినదాన్ల కొంత దొరికింది గ్యానీజీ, కొంత ఇంకా దొరకలే. ఎక్కడ మొదలైందో నాకు ఇప్పటికీ తెల్వదు. తెల్వకున్నా ఇప్పుడు భయమైతలేదు, అది వేరే ముచ్చట. కానీ ఇగ నేనేం చెయ్యాలె? ఎవరినన్నా మన దగ్గరికి రమ్మని పిలవొచ్చా, నోరు మూసుకుని కూసోవాల్నా? నావల్ల రావాల్సినోళ్ళు రాలే. ఉద్యోగం పాయె. చెప్పకపోతే తప్పు, చెప్తే ఇట్ల. మీరన్నా ఒక్కసారి తిన్నగ చెప్పుండ్రి."

గ్యానీజీ చేతిలో గిన్నె కడగడం పూర్తిచేసి, నీళ్ళు ఒంపి, ఆమెకి అందించాడు.

"పిలువు బిడ్డా, పిలవద్దని ఎవరన్నరు? పిలిచినంక వాళ్ళొచ్చేసరికి నువ్వు ఇంట్ల ఉండాలె, ఉన్న ఇంటినే చూపియ్యాలె, గంతే."